కాలువ గట్టు, నవారు పట్టీ

దయ్యాలను నమ్మాలన్నా మనిషికి కాస్త తీరిక ఉండాలి. నాకు ఏనాడూ అది దొరకలేదు. తెనాలిలో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టుకుంటూ, పిల్లను చదివించుకుంటూ, పొద్దున లేస్తే పడుకునేదాకా మిషను తొక్కే మనిషిని. పెళ్ళిళ్ళ రోజుల్లో దయ్యం వచ్చి నా పక్కన కూర్చున్నా, "ఖాళీగా ఎందుకు, కాస్త హుక్కులు కుట్టిపెట్టమ్మా" అనేదాన్ని. ఎవరికైనా ఏదో కనిపించిందని చెబితే ముందు కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళమనేదాన్ని.

ఇప్పుడు నాకూ అదే సలహా ఇచ్చారు. వెళ్ళి చూపించుకున్నాను. దగ్గరి చూపుకు అద్దాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, దూరపు చూపు శుభ్రంగా ఉందన్నారు. ఇక నేను చూసింది చూసినట్టే రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మా ఆయన సాంబశివరావు బస్సు కండక్టరు. ఎక్కువగా తెనాలికీ రేపల్లెకూ మధ్య తిరిగారు. కిక్కిరిసిన బస్సులో, గతుకుల రోడ్డు మీద, ఏ కమ్మీ పట్టుకోకుండా ముందు నుంచి వెనక్కి నడుస్తూ టిక్కెట్లు కొట్టే మనిషి. నేల మీద కన్నా బస్సులోనే తన కాళ్ళు బాగా ఆనతాయని నవ్వుతూ అనేవారు. అలాంటి మనిషికి కిందటేడు ఎండాకాలం చివర్లో పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కాస్త ముద్దగా వచ్చేది కానీ అర్థమయ్యేది.

ప్రాణభయం లేదని చెప్పాక డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "ఈ మొదటి నెలలే ముఖ్యమమ్మా. ఇప్పుడు లేపి నడిపిస్తే నడుస్తారు. ఇప్పుడు మంచానికి అలవాటు పడితే ఇక మంచమే" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి క్యాలెండరు కేసి చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. నెలలు పరిగెడుతున్నాయి, ఈయన మాత్రం కదలరు.

అసలు లేవలేదని కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒకసారి లేచారు. చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాను. మా వీధిలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. ఎదురింటావిడ మెట్ల మీద నుంచి, "అయ్యో సాంబశివరావుగారూ, ఎలాంటి మనిషి ఎలా అయిపోయారండీ" అని రాగం తీసింది. ఆయన అటు తల తిప్పారు. ఎడమ పాదం మడతపడింది. నా చేతుల్లోంచి జారి, పొద్దున నేను పెట్టిన ముగ్గు మీద బోర్లా పడ్డారు. వీధిలో మగవాళ్ళు వచ్చి లేపాల్సి వచ్చింది. దెబ్బ పెద్దదేం కాదు. కానీ ఆ రోజుతో ఆయన ఖాయం చేసుకున్నారు, ఇక లేవకూడదని.

బతిమాలాను. తిట్టాను. అలిగాను. లేస్తే తప్ప కాఫీ ఇవ్వనన్నాను. దేనికీ ఒకటే జవాబు, "పడతానే." మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మంచం మీద ఉన్న మొండివాడు ఇంకా బలవంతుడు. కాలు ఆడించే వ్యాయామాలు చేయించడానికి ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి కూడా చేతులెత్తేసింది. "కాల్లో బలం వచ్చిందాంటీ, నేను చూస్తున్నాగా. భయమే పోవట్లేదు" అంది.

ఇక చూడవచ్చినవాళ్ళ సంగతి. ఊరికే చూసి వెళ్ళరు గదా. ఒకరు పసరు మందన్నారు, ఒకరు గ్రహశాంతి అన్నారు. దూరపు బంధువు ఒకాయన పావురం రక్తం రాస్తే కాలు లేస్తుందని చెప్పి, ఏకంగా బతికున్న పావురాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు. ఆయన కాఫీ తాగుతుండగా ఆ సంచి డాబా మీదకు తీసుకెళ్ళి విప్పాను. అదొక్కటి మా ఇంట్లో చక్కగా లేచి వెళ్ళిపోయింది.

నడిచేవాళ్ళ నడుముకు బెల్టు కట్టి వెనక నుంచి ఒకరు పట్టుకుంటే రోగికి ధైర్యంగా ఉంటుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. కొని తెచ్చిన బెల్టు ఈయన పొట్ట మీద నిలవక చంకల్లోకి జారిపోయేది. కొలతలు తీసి కుట్టే చేతులు నావి, ఆ మాత్రం నేను కుట్టుకోలేనా అనుకున్నాను. పాత మంచానికి అల్లిన నవారు విప్పి అటక మీద పెట్టి ఉంది. మందపాటి నూలు పట్టీ, ఏనుగు లాగినా తెగదు. నడుము చుట్టూ ఒక వరస, కుడి భుజం మీదుగా రొమ్ముకు అడ్డంగా ఇంకో వరస వేసి, రెండూ వీపు దగ్గర కలిపి గట్టిగా కుట్టాను. అక్కడి నుంచి రెండు మూరల పట్టీ వదిలి, చివర నా చెయ్యి దూరేంత పిడిలా మడిచి కుట్టాను. తొడిగి చూపిస్తే, "ఎద్దుకు కట్టినట్టు కట్టావు గదే" అన్నారు. అన్నారే గానీ లేవలేదు.

అప్పుడే మా వదిన రాజ్యలక్ష్మి ఫోను చేసింది. మా ఆయనకు సొంత అక్క. మేనరికం చేసుకుంది కాబట్టి వాళ్ళ అమ్మమ్మగారి ఊరే ఆమెకు అత్తవారి ఊరు, పిట్టలవానిపాలెం దగ్గర. "తెనాల్లో ఆ జనం మధ్య వాడేం నడుస్తాడు విజయా. ఇక్కడికి తీసుకురా. కాలవ గట్టు మీద చల్లగా ఉంటది, మనిషన్నవాడు కనపడడు. వాడు చిన్నప్పుడు పరిగెత్తిన దారే. మెల్లగా జలపాతం దాకా నడిపిద్దాం" అంది.

జలపాతం అనే మాటకు నేను నవ్వలేదు, నవ్వే ఓపిక లేదు. పెళ్ళయిన కొత్తలో మాత్రం చాలా నవ్వాను. బాపట్ల చుట్టుపక్కల కొండ మాట దేవుడెరుగు, కుక్క మీద విసరడానికి రాయి దొరకాలన్నా కష్టం. నేలంతా చాప పరిచినట్టుంటుంది. అక్కడ జలపాతమేంటని ఎగతాళి చేసేదాన్ని. తీరా వెళ్ళి చూస్తే అది పాత లాకు. వెనకటి రోజుల్లో కాలువలో పడవలు పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ రాతితో కట్టిన తొట్టిలాంటిది. ఇప్పుడు పడవలూ లేవు, దాని తలుపులూ లేవు. పక్కనే కాలువ నీళ్ళు కింది మట్టానికి దూకుతాయి. నిలువెత్తు కూడా ఉండదు. చుట్టూ జమ్ము, పైన నిద్రగన్నేరు చెట్లు కమ్మేసి ఉండటంతో దగ్గరకు వెళ్ళేదాకా కనపడదు, చప్పుడు మాత్రం వినపడుతుంది. పిల్లలకు అది జలపాతమే గదా.

కార్తీకం ముందు కారు మాట్లాడుకుని వెళ్ళాం. కుట్టాల్సిన జాకెట్లన్నీ పక్క వీధి అమ్మాయికి అప్పగించి, అందరితో మాటలు పడి బయల్దేరాను.

ఊరి చివర వంతెన దగ్గర మొదలై లాకు దాకా వెళ్ళే దారి అది. కాలు బాగున్నవాళ్ళకు పావుగంట నడక. ఎత్తుపల్లాలు లేవు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పొట్ట మీదున్న వరి. దారి పొడుగునా చెట్ల నీడ. లాకు ఎగువన ఉంది కాబట్టి నీళ్ళు మనకు ఎదురుగా వస్తుంటాయి. గట్టు మీద రెండు బాటలున్నాయి. ఒకటి చేల వైపు, ఇంకొకటి నీళ్ళ వారగా, జమ్ముకు ఆనుకుని. "నీళ్ళ వారన నడిపించమాకు, జారుద్ది" అని వదిన మొదటి రోజే చెప్పింది.

మొదటి రోజులు వృథా. వదిన భర్త ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గట్టు మీద వేసేవారు. ఈయన దాంట్లో కూర్చుని కొంగల్ని చూస్తారు. లేపితే నాలుగడుగులు వేసి, "పడతానే, కూర్చోబెట్టు" అంటారు. మళ్ళీ కుర్చీ. నేను వెనక పట్టీ పట్టుకుని నిలబడే ఉంటాను. "పట్టుకున్నావా?" అని అడుగుతారు. "పట్టుకున్నాను" అంటాను. "నమ్మకమేంటి?" అంటారు. పెళ్ళాం చేతిలో పట్టీ పెట్టి నమ్మకమేంటని అడిగే మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

ఆ పొద్దున నాకు నిజంగానే విసుగెత్తింది. టిఫిన్ చేసి వచ్చాం. మంచి వెలుతురు. రాత్రి పడిన వానకు చేల వైపు బాట బురద బురదగా ఉంది. నీళ్ళ వారగా ఉన్న బాట గట్టిగా, నున్నగా ఉంది. ఈయన కుర్చీలో కూర్చుని, "ఇవాళొద్దులే" అన్నారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "వద్దంటే మానేయండి. నేనూ మిషను అమ్మేసి మీ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంటా. పిల్ల చదువు మానేసి వచ్చి ఇద్దరికీ గంజి కాచి పోస్తుంది" అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఆయన నా ముఖం చూసి, కుడి చెయ్యి కుర్చీకి ఆనించి లేచారు. సంతోషంతో వదిన మాట పక్కన పెట్టి, నున్నగా ఉన్న బాట మీదకు తిప్పాను.

ఆయన ముందు, పట్టీ పట్టుకుని నేను వెనక. ఎడమ పాదం ఈడ్చుకుంటూ, వేలి కొసలు నేలకు రాసుకుంటూ నడుస్తున్నారు. నేను ప్రతి అడుగుకూ "అంతే, అంతే" అంటున్నాను. వంతెన కనపడనంత దూరం వచ్చాం. అంత దూరం నడవడం అదే మొదటిసారి. లాకు దగ్గర నీళ్ళు దూకుతున్న చప్పుడు అప్పుడే సన్నగా వినపడుతోంది.

అక్కడ ఒక చోట నాచు పట్టిన రాయి ఉంది. నా చెప్పు దాని మీద పడి జారింది. దబ్బున కూలబడ్డాను. పట్టీ నా చేతిలోంచి పోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏవండీ, ఆగండి!" అని అరిచాను. నేను వదిలేశాను కాబట్టి ఆయన పడిపోతారు, పక్కనే కాలువ. లేవబోయి మళ్ళీ జారాను. తలెత్తి చూశాను.

ఆయన పడలేదు. ఆగలేదు. నడుస్తున్నారు.

ముందు నాకు అర్థమైంది అంతే. తర్వాత చూసింది పట్టీని. అది ఆయన వీపు నుంచి కిందికి వేలాడాలి. వేలాడటం లేదు. బావిలోంచి నిండు బిందె లాగుతున్నప్పుడు తాడు ఎలా బిగుసుకుంటుందో అలా బిగుసుకుని ఉంది. నా వైపు కాదు, కాస్త పక్కగా, నీళ్ళ వైపుకు చాచుకుని ఉంది. చివర నేను కుట్టిన పిడి జమ్ము మీద, గాలిలో ఉంది. దాన్ని పట్టుకుని ఎవరూ లేరు. పిడి దాటి అదే వరసలో జమ్ము కొసలు వంగుతూ, అది ముందుకు పోగానే లేస్తూ ఉన్నాయి. గాలి లేదు. పైన చెట్టు ఆకు కూడా కదల్లేదు.

ఆయన ముందుకు వంగి నడుస్తున్నారు. మామూలుగా వంగడం కాదు. వెనక ఏదో ఒక బరువు లాగి పట్టి ఉంచకపోతే మనిషి ముఖం మీద పడిపోయేంత వంగడం. కావాలంటే మీ ఇంట్లో నిలబడి ప్రయత్నించండి, పడతారు. ఎడమ పాదం ఈడవడం లేదు. మడమ నుంచి వేళ్ళ దాకా నేలకు ఆనించి, తన్ని, అడుగు వేస్తోంది. ఎడమ చెయ్యి, అన్నం ముద్ద కూడా పట్టలేని చెయ్యి, రొమ్ము మీది నవారును పిడికిలితో పట్టుకుని ఉంది.

అందరూ నన్ను అడిగేది ఒకటే. కాలువలో ఏమైనా కనిపించిందా అని. నేను కాలువ వైపు చూడలేదు. నన్ను నేనే ఎన్నిసార్లు తిట్టుకున్నానో. తల కాస్త కుడి పక్కకు తిప్పితే చాలు, ఉందో లేదో తెలిసిపోయేది. కానీ కట్టుకున్నవాడు నెలల తర్వాత నడుస్తుంటే ఆయన కాళ్ళు చూస్తానా, నీళ్ళు చూస్తానా? ఫోటో ఎందుకు తియ్యలేదని కూడా అడిగారు. ఫోను వదిన ఇంట్లో ఛార్జింగులో ఉంది. ఉన్నా తీసేదాన్ని కాదు. నా చేతులు రెండూ నా నోటి మీద ఉన్నాయి.

లేచి వెనకే నడిచాను. పట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. పట్టీని ముట్టుకుంటే ఆయన పడిపోతారేమోనని ఒక భయం. ముట్టుకుంటే ఇంకేమవుతుందోనని ఇంకో భయం. అది ఇప్పటికీ సరిగా చెప్పలేను. కాస్త ఎడం వదిలి, చెప్పుల్లేకుండా నడిచాను. నీళ్ళ చప్పుడు పెద్దదైంది. చెట్లు బాగా చిక్కబడ్డాయి. జమ్ము తెరుచుకుని లాకు గోడ కనపడింది.

లాకు రాతి మెట్టు దగ్గరకు రాగానే పట్టీ ఒక్కసారిగా వదులైపోయి ఆయన వీపు మీద పడింది. ఆయన ముందుకు తూలారు. నేను పరిగెత్తి పట్టుకున్నాను. ఈసారి నిజంగా నేనే. మెట్టు మీద కూర్చోబెట్టాను. చొక్కా తడిసిపోయింది, ముఖమంతా చెమట. ఎదురుగా నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి, తుంపర మా ఇద్దరి మీదా పడుతోంది. పక్షవాతం వచ్చాక మొదటిసారి ఆయన నవ్వడం చూశాను. మూతి ఒక పక్కకే సాగినా నవ్వే.

"ఎంత బరువే నువ్వు" అన్నారు రొప్పుతూ. "అబ్బ, ఏం పట్టు పట్టావే! నువ్వు అరిస్తే పడిపోయావేమో అనుకున్నా. అయినా వదల్లేదు చూడు. అదీ పట్టుకోవడమంటే."

ఏం చెప్పను? వదిలేశానండీ అని చెప్పనా? చెబితే ఎవరు పట్టుకున్నారని అడుగుతారు. ఆ మనిషి అప్పుడే, ఆ మెట్టు మీదే మళ్ళీ మంచం పడతారు. "అవునండి" అన్నాను.

మమ్మల్ని వెతుక్కుంటూ వదిన భర్త బండి మీద వచ్చి ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళారు. స్నానం చేయిస్తుంటే చూశాను. కుడి భుజం మీద, రొమ్ముకు అడ్డంగా, నవారు వెడల్పున ఎర్రటి వాత తేలి ఉంది. మర్నాటికి నల్లబడింది. నేను మామూలుగా పట్టుకుంటే అలాంటి వాత ఏ రోజూ పడలేదు. నా అరచేతులు చూసుకున్నాను. ఎడమ చేతిలో పడ్డప్పటి గీరుడు తప్ప ఏమీ లేదు. ఎదుటి మనిషి ఒంటి మీద వాత తేలేంతగా లాగిన చేతులు అలా ఉండవు.

పట్టీ కూడా చూశాను. ఇది నా వృత్తి, ఇందులో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వీపు దగ్గర రెండు పేటల దారంతో అడ్డంగా, నిలువుగా, ఐమూలగా వేసిన కుట్టు సగం పిగిలిపోయింది. దారం తెగిన కొసలు లాగుడుకు తెగినట్టు నూగు నూగుగా ఉన్నాయి. చివరి పిడి నా చెయ్యి దూరేంత వెడల్పున కుట్టాను గదా, అది నులుముకుపోయి సన్నగా అయిపోయింది. నాలుగు వేళ్ళు పట్టుకుంటే అలా నులుముకోదు. సన్నటి దాన్ని దేన్నో అందులోంచి దూర్చి ముడి వేసి లాగితే అలా అవుతుంది. ఇస్త్రీ పెట్టి తీసినా ఆ ముడత పోలేదు.

వదినకు చెప్పాను. ఆమె భయపడలేదు, నమ్మకపోనూ లేదు. వెనకటి రోజుల్లో ధాన్యం పడవల్ని ఎగువకు తీసుకెళ్ళేటప్పుడు మనుషులు భుజానికి తాడు వేసుకుని ఆ నీళ్ళ వారగానే నడిచి లాగేవాళ్ళని, తన చిన్నప్పటికే అవి ఆగిపోయాయని చెప్పింది. భుజం మీద నుంచి రొమ్ముకు అడ్డంగా పట్టీ వేసుకునేవాళ్ళా అని అడిగాను. అలాగే అనుకుంటానంది. అక్కడ ఎవరైనా పోయారా, నీళ్ళలో పడ్డారా, ఏదైనా కథ ఉందా అని గుచ్చి గుచ్చి అడిగాను.

"ఏమీ లేదు విజయా. ఎప్పుడూ వినలేదు. మేమంతా అక్కడే ఈదులాడాం గదా" అంది.

ఆ మాటకు నాకు ఎంత ఉక్రోషం వచ్చిందో! ఎవరో పోయారని ఒక్క ముక్క చెబితే నాకైనా మనసు కుదుటపడేది. సరే, ఫలానా ఆయన, ఫలానా కారణం అని దణ్ణం పెట్టుకునేదాన్ని. అదీ లేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియని సాయం అది.

మా అమ్మాయి శిరీష బాపట్లలో చదువుతోంది. దానికి చెబితే, ప్రమాదం అనిపించినప్పుడు ఒంట్లో ఏదో ఊరుతుందని, దాంతో ఎక్కడలేని బలం వస్తుందని, నాన్న అలాగే నడిచి ఉంటారని అంది. మరి పట్టీ సంగతేంటే అన్నాను. నువ్వు కంగారులో ఉన్నావమ్మా అంది. ఫిజియోథెరపీ అమ్మాయి నేనే పట్టుకుని ఉంటానని, పడినప్పటి అదురుకు మర్చిపోయి ఉంటానని తేల్చింది. ఎదురింటావిడ చెవిన ఎలా పడిందో గానీ, తాయెత్తు కట్టించమని ఒకటే పోరు. ఒకళ్ళు నేను చూడలేదంటారు, ఒకళ్ళు నేను చూడని వాటి గురించి కూడా చెబుతారు. నేను చూసినంత మాత్రమే వినేవాళ్ళు ఒక్కళ్ళూ దొరకలేదు.

మళ్ళీ వెళ్ళామా అంటే, వెళ్ళాం. ఆ వారమంతా వెళ్ళాం. కార్తీకంలో మళ్ళీ వెళ్ళాం. అదే బాట, అదే పట్టీ, కుట్లు మళ్ళీ గట్టిగా వేశాను. ఆయన నడిచారు, కానీ మామూలుగా, పాదం ఈడ్చుకుంటూ, మధ్యలో కుర్చీ వేయించుకుంటూ. ఒకసారి తెగించి, ఆయనకు తెలియకుండా పట్టీ వదిలి చూశాను. అది చచ్చిన పాములా కిందికి వేలాడింది. వెంటనే మళ్ళీ పట్టుకున్నాను. ఆ రోజు మాత్రం కాలువ వైపే చూస్తూ నడిచాను. నీళ్ళు, గుర్రపు డెక్క, ఒక లకుముకి పిట్ట. అంతే.

ఇప్పుడు తెనాలిలోనే ఉంటున్నాం. మంచం వదిలారు, అది నిజం. డాక్టరుగారు కూడా సంతోషించారు. ఇంట్లో తిరుగుతారు, వీధి మొగదాకా వస్తారు. అయితే పట్టీ కట్టాలి, వెనక నేను ఉండాలి. ఎవరొచ్చినా ఆయన చెప్పేది ఆ రోజు సంగతే. "మా ఆవిడ పట్టు మామూలు పట్టు కాదండి. తను కింద పడి కూడా నన్ను వదల్లేదు" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారు. ఇన్నేళ్ళ కాపురంలో నా వంట మెచ్చుకున్నది లేదు, నా కుట్టు మెచ్చుకున్నది లేదు. నోరారా మెచ్చుకున్నది ఈ ఒక్కదానికే. ఇది నేను చెయ్యలేదు. అందుకే పేర్లు మార్చాను. ఆయన పేపర్లో క్రికెట్ తప్ప చదవరు, అయినా ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని.

నిన్న పొద్దున కూడా వీధిలోకి బయల్దేరాం. గుమ్మం దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నానండి, నడవండి."

"అలా కాదే. ఆ రోజు పట్టుకున్నట్టు పట్టుకో."

పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. కాళ్ళు తన్నిపట్టి, ఒళ్ళంతా వెనక్కి వేసి, ఉన్న బలమంతా పెట్టి లాగి పట్టుకున్నాను. వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఇంకా" అన్నారు ఆయన, వెనక్కి తిరగకుండా.

ఇంకా ఎలా పట్టుకోవాలో నాకు తెలియదు.